సెలవుల ఫొటోలో ఓడ మీదున్నవాడి చోటు

సముద్రం మీద ఒట్టు. ముప్పై ఏళ్ళు నా మెడకి వేలాడిన కెమెరా బెల్టు మీద ఒట్టు. ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. విశాఖ వన్ టౌన్‌లో నన్ను ఉత్త సూరిబాబు అని ఎవరూ పిలవరు, కోతల సూరిబాబు అంటారు. అయినా ఒట్టు ఒట్టే.

ఫొటోగ్రాఫర్లకి రిటైర్మెంటు వయసంటూ ఉండదు. యాభై ఆరో ఏట నా కుడి భుజం రిటైరైంది, దాని వెనకే నేనూ వచ్చేశాను. నా పని విశాఖ బీచ్‌లో సెలవుల ఫొటోలు. వేసవి సెలవులకీ, దసరా సెలవులకీ సముద్రం చూడ్డానికొచ్చిన కుటుంబాల్ని వరసగా నిలబెట్టి తీయడం. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళు నన్ను లెన్సుల గురించి అడుగుతారు. అది నాకు పెద్దగా తెలీదు. తెలిసింది రాస్తాను.

పని సంచిలో ఉంది

నా కెమెరా కంటే నా సంచి బరువు. అందులో మూడు దువ్వెనలు, చిన్న సీసాలో కొబ్బరినూనె, గుప్పెడు పిన్నీసులు, తడి తువ్వాలు, బొట్టుబిళ్ళల అట్ట, కాటుక డబ్బా, చేతిలో పట్టే అద్దం. అద్దం మగవాళ్ళకి ఇవ్వకండి. తిరిగి రాదు.

మన బీచ్‌లో సాయంత్రం అయిదింటికి ఎండ ఊరి వైపు నుంచి మొహం మీద పడుతుంది. గాలి సముద్రం వైపు నుంచి వీపు మీదికి కొడుతుంది. అంటే వెనక సముద్రం కనబడేట్టు నిలబడ్డ ప్రతి ఆడమనిషి జుట్టూ ముందుకొచ్చి మొహం మీద పడుతుంది. దీనికి నూనె రాసుకోవాలి, పిన్నీసు పెట్టుకోవాలి. వేరే మందు లేదు. పౌడరు వద్దు. ఈ ఊరి ఉక్కకి పావుగంటలో అది మెడ మీద గీతలు కడుతుంది. కొత్త బట్టలు ఫొటో రోజునే మడత విప్పి తొడగొద్దు. పిల్లలకి గీరుకుంటుంది, పెద్దవాళ్ళు మడతలు చూసుకుంటూ నిలబడతారు. ముందు రోజు ఒక పూట కట్టుకుని తిరగమనండి. పిల్లలకి కడుపు నిండా పెట్టి తీసుకురమ్మనండి. మగవాళ్ళు పొట్ట లోపలికి లాగితే పది అంకెలు లెక్కపెట్టండి. ఎనిమిదో అంకెకి వదిలేస్తారు. వదిలిన మరుక్షణం నొక్కండి. ఆ హాయి ఇంకెప్పుడూ ఆ మొహంలో ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, అమ్మని ముందు తయారు చెయ్యండి. ఆవిడ పిల్లలకి తల దువ్వుతుంది, మొగుడి కాలరు సర్దుతుంది, అత్తగారికి కొంగు పిన్ను పెడుతుంది. తన వంతు వచ్చేసరికి వెలుగు పోతుంది. వందల ఇళ్ళలో గోడ మీదున్న సెలవుల ఫొటోలు చూశాను. అందరూ బాగుంటారు, అమ్మ అలసిపోయి ఉంటుంది. ఆ పాపంలో సగం ఫొటో తీసినవాడిది.

మస్తాన్ సాయిబు గారు

నాకు పని నేర్పింది వన్ టౌన్ సందులో స్టూడియో పెట్టుకున్న మస్తాన్ సాయిబు గారు. చేయి బంగారం. ఒక్క విషయంలో మాత్రం ఆయన తప్పు, అది ఇప్పటికైనా చెప్పాలి. ప్రతివాణ్ణీ తెల్లగా చేసేవారు. "అరే సూరీ, ఎవరైనా నల్లగా కనపడ్డానికి స్టూడియోకి వస్తారా?" అనేవారు.

నేనూ అదే నేర్చుకున్నాను. కంప్యూటర్లు వచ్చాక మరీ చెలరేగిపోయాను. ఒకసారి రేవులో పనిచేసే కళాసీ ఒకాయన తల్లితో, పెళ్ళాంతో వచ్చి తీయించుకున్నాడు. ముగ్గుర్నీ పాలలో ముంచి తీసినట్టు చేసి ఇచ్చాను. ఆయన ఫొటోని ఎండలోకి పట్టుకెళ్ళి చూశాడు, నీడలోకి తెచ్చి చూశాడు.

"ఏటి బావా, మా యమ్మేదీ?" అన్నాడు.

"ఇదిగో, మధ్యలో."

"ఈవిడెవులో డాక్టరమ్మలాగుంది. మా యమ్మనిచ్చెయ్."

మళ్ళీ చేసి ఇచ్చాను. ఆ తరవాత ఎవరి రంగూ ముట్టుకోలేదు.

పెళ్ళి సంగతి అందరూ అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. నాకొక సంబంధం చూశారు. పిల్ల ఫొటో సరిగా రాలేదని వాళ్ళు మొహమాటపడుతుంటే, నేనే వెళ్ళి మంచి వెలుగులో తీసి ఇచ్చాను. ఎంత బాగా వచ్చిందంటే, ఆ ఫొటో చూసి నెల తిరక్కుండా రైల్వే ఉద్యోగి ఒకడు చేసుకుపోయాడు. పెళ్ళి ఫొటోలకి కూడా నన్నే పిలిచారు. వెళ్ళాను. పెళ్ళికూతురికి చెంప దగ్గర పిన్నీసు ఊడితే నేనే ఇచ్చాను. తరవాత ఇంకొకటి చూడ్డానికి ఎవరికీ తీరలేదు, నాకూ తీరలేదు.

విగ్గు

ఇది నమ్మరు. రుషికొండ బీచ్‌లో ఒక పెద్దమనిషి, కూతుళ్ళూ అల్లుళ్ళతో వచ్చాడు. విగ్గు పెట్టుకున్నాడని నాకు తెలీదు. "నూనె రాసుకోండి, పిన్నీసు పెట్టుకోండి" అని అందరికీ చెప్పినట్టే చెబితే ఉరిమి చూశాడు. సరిగ్గా నేను నొక్కే వేళకి గాలి కొట్టింది. విగ్గు లేచి, నా తల మీదుగా వెళ్ళి, ఇసకలో దొర్లి, గాలి తిరిగేసరికి వెనక్కొచ్చి అలలో పడి పోయింది. అల్లుళ్ళు నవ్వలేక ఏడ్చారు. అప్పుడే వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన తన తలపాగా విప్పి ఈయన తలకి చుట్టాడు. ఆ ఫొటోలో ఆయన జమీందారులా ఉన్నాడు. మర్నాడు పొద్దున్న అదే జాలరి విగ్గు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "బాబూ, సేపలతోపాటు వల్లో పడ్డాది. ఇది కూరకి పనికొత్తాదా, మీదేనా?" అన్నాడు.

ఒట్టు వేశానని ముందే చెప్పాను కదా.

చోటు కాయడం

ఇప్పుడు అసలు పని. ఇది ఓడరేవు ఊరు. ఇక్కడ కుటుంబం సెలవులకి బీచ్‌కి వస్తే, ఒక మనిషి తక్కువగా ఉండటం మామూలు. ఆ మనిషి ఏ ఓడ మీదో ఉంటాడు. కానీ గోడ మీద ఫొటోలో అతనూ ఉండాలి. మస్తాన్ సాయిబు గారి పద్ధతి ఏమిటంటే, అతని చోటు వదిలి మిగిలినవాళ్ళని తీయడం. అతను ఓడ మీద నుంచి, సాయంత్రం ఎండ మొహం మీద పడేట్టు, తనొక్కడే తీయించుకుని పంపుతాడు. రెండూ కలిపి ఒకటి చేస్తాం.

చెప్పడానికి తేలిక. చేసి చూడండి. మొదటిసారి నేను చోటు వదిలి తీస్తే, ముద్రించేసరికి ఆ చోటు సగమే ఉంది. అటు తల్లీ ఇటు పెళ్ళామూ తెలీకుండానే దగ్గరికి జరిగిపోయారు. సాయిబు గారు ఫొటో చూసి, "ఖాళీ ఆగదు సూరీ. జనం దాన్ని మూసేస్తారు. అక్కడ మనిషిని నిలబెట్టు, తరవాత తీసెయ్" అన్నారు.

ఎవరిని నిలబెట్టాలి? నేనే. కెమెరాని స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి, పరుగెత్తుకెళ్ళి ఆ చోటులో నిలబడేవాణ్ణి. పిల్లల భుజం మీద చెయ్యి వేసేవాణ్ణి, ముసలమ్మ వైపు కాస్త వంగేవాణ్ణి. ఇంటికొచ్చాక నన్ను నేనే కోసేసి, ఓడ మీదున్న అతన్ని అక్కడ నిలబెట్టేవాణ్ణి. ఈ ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో నేనున్నాను. గోడ మీద కనపడను, అంతే.

సిన్ని

అలాంటి కుటుంబాల్లో ఒకటి పైడమ్మ గారిది. గాజువాకలో ఉంటారు. పైడమ్మ, ఆవిడ కోడలు లక్ష్మి, మనవరాలు సిన్ని. లక్ష్మి ఆటోనగర్లో సీటు కవర్లు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. ఆమె భర్త అప్పలరాజుది సరుకు ఓడ మీద పని. తల్లి అతన్ని అప్పడు అంటుంది. సిన్నికి రెండేళ్ళప్పుడు వెళ్ళాడు. మధ్యలో ఒక్కసారి ఇరవై రోజులు వచ్చిపోయాడు. ఆ ఇరవై రోజులూ పిల్ల జ్వరంతో పడుకునే ఉంది. ఫోన్లో చూస్తుంది గానీ, ఓడ మీద సిగ్నలు దొరికేది తక్కువ, దొరికినా హెల్మెట్టులో మొహం సగం కనపడేది.

మొదటి వేసవిలో సిన్నికి నాలుగేళ్ళు. నవ్వదు. ముక్కు ఎర్రగా చేసుకుని లక్ష్మి చీరలో దూరింది. అప్పుడు టైమరు నొక్కి ఆమె పక్కన నాన్న చోటులోకి పరుగెత్తొచ్చి, దూరంగా రేవులో చోటు కోసం ఆగి ఉన్న ఓడల్ని చూపించాను.

"అదిగో, మూడో ఓడ. మీ నాన్న అందులోనే ఉన్నాడు. ఏం చేస్తున్నాడో తెలుసా?"

"ఏటి సేత్తన్నాడు?"

"పళ్ళు తోముకుంటున్నాడు. నోటినిండా నురుగే. ఉమ్మేశాడు. అదిగో, వచ్చేసింది!"

మా కాళ్ళ దగ్గర అల విరిగి తెల్లటి నురుగు పరుచుకుంది. పిల్ల నురుగు వైపు చూసింది, ఓడ వైపు చూసింది, తల పైకెత్తి నా వైపు చూసి పకపకా నవ్వింది. టైమరు సరిగ్గా అప్పుడే కొట్టింది.

ఆ ఫొటోలో నన్ను తీసేసి అప్పలరాజుని పెడితే, కూతురు నాన్న మొహంలోకి చూసి నవ్వుతున్నట్టు వచ్చింది. పైడమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. తరవాత ఏడాది కూడా అదే కథ. దూరం నుంచే "ఫొటో మావయ్యా, ఇయ్యాల నాన్న పళ్ళు తోమాడా?" అని అరుస్తూ వచ్చేది. నేను సంచి తీసే ముందే నవ్వు సిద్ధంగా ఉండేది. నిజం చెప్పొద్దూ, ఏప్రిల్ నెల వస్తే నేను పొద్దున్నే గడ్డం గీసుకునేవాణ్ణి. కోసేసే మొహానికి గడ్డం గీసుకోవడం ఎందుకో.

తప్పు ఫొటో

ఆ రెండో ఏడాది నేను చేసిన తప్పు ఎవరూ చేయకండి. నేనున్న ఫొటో, అతనున్న ఫొటో రెండూ ఒకే పేరుతో దాచుకున్నాను. లక్ష్మికి పంపాల్సింది ఒకటి, పంపింది ఇంకొకటి. ఆమె షెడ్డులో పని మీదుండి, విప్పి చూడకుండానే భర్తకి పంపేసింది, అత్తవారి ఊళ్ళో బంధువుల గ్రూపులోనూ పెట్టేసింది.

ముందు పైడమ్మ ఫోను. "ఓలమ్మో, నీ సేతులిరగ! మా యప్పడి సోటులో నువ్వు నిలబడి పళ్ళికిలిత్తన్నావేటి? మా సెల్లెలు ఫోన్ సేసి, అప్పడు ముసిలోడైపోనాడేటని ఏడుత్తంది!"

రెండో ఫోను ఏదో సముద్రం మీద నుంచి. వెనక ఇంజను చప్పుడు.

"నువ్వేనా ఫొటోలు తీసేవోడివి?" అన్నాడు అప్పలరాజు.

"నేనే బాబూ."

"తీసేవోడివైతే ఫొటోలో ఎందుకున్నావు?"

చెప్పాను. చోటు ఆగదని, ఎవరో ఒకరు నిలబడాలని, తరవాత నన్ను తీసేస్తానని అంతా చెప్పాను. అసలు ఫొటో కూడా వెంటనే పంపాను.

"నాను రెండూ పక్కపక్కన ఎట్టుకుని సూత్తన్నాను," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "రెండిట్లోనూ మా సిన్ని ఒక్కలాగే నవ్వుతంది."

"అవును బాబూ. అదే ఫొటో కదా."

"అంటే నన్ను సూసి కాదు. నిన్ను సూసి నవ్వుతంది. పోయినేడు ఫొటో ఓడలో నాను పడుకునే బంకు మీద అంటించుకున్నాను. అదీ అంతేనా?"

నేను అబద్ధాలాడటంలో ఆరితేరినవాణ్ణి. ఆ పూట మాత్రం, "అంతే బాబూ," అన్నాను.

"నువ్వున్న ఫొటోలు తీసెయ్," అన్నాడు. "మా వోళ్ళతో నువ్వున్నది నీ కాడ ఉండకూడదు."

"తీసేస్తాను," అని మాటిచ్చాను.

నురుగు

మూడో ఏడాది వేసవి సెలవులకి అప్పలరాజు స్వయంగా వచ్చాడు. లక్ష్మి ఫోన్ చేసి, "అన్నా, ఈసారి సోటు వదలక్కర్లేదు. ఆయన సెలవు పదిరోజులే. ఒక్క మంచి ఫొటో కావాలి" అంది.

నలుగురూ నాలుగున్నరకే వచ్చారు. అప్పలరాజు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి తల ఊపాడు, చెయ్యి మాత్రం కలపలేదు. ఈసారి నేను లక్ష్మిని ముందు తయారు చేశాను. ఆరు పిన్నీసులు పెట్టించాను. పైడమ్మకి కొంగు సర్దాను. అంతా ఎంతో పొందిగ్గా ఉంది, సిన్ని తప్ప. ఆరేళ్ళ పిల్ల, అప్పలరాజు చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుని నా స్టాండు పక్కకొచ్చి నిలబడింది.

"నాన్న కాడికెల్లమ్మా," అంది లక్ష్మి.

"ఈయన నాన్న కాదు. నాన్న ఓడలో ఉన్నాడు. అదిగో." వేలు చాపి రేవు బయట ఆగిన ఓడని చూపించింది. "పళ్ళు తోముతన్నాడు. ఫొటో మావయ్య సెప్పాడు."

"ఓసి నీ తల్లి కడుపు సల్లగుండ, నాలుగు రోజుల్నించీ ఇదే పాట!" అంది పైడమ్మ. "ఇంట్లో కూడా ఆడి పక్కన కూకోదు బాబూ. అన్నం ఎడితే తినదు."

అప్పలరాజు చాపిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ పిల్ల నవ్వు కోసం చెప్పిన అబద్ధమే ఇప్పుడు వాళ్ళ ఇంట్లో గోడై నిలబడింది. ఆ గోడ కట్టింది నేను. ఇంకో పది నిమిషాలుంటే ఎండ కొండ వెనక్కి పోతుంది, ఇంకో ఆరు రోజులుంటే మనిషి ఓడెక్కుతాడు.

నేను చేయగలిగింది ఇంకో కథ చెప్పడం. చెబితే పిల్ల నవ్వుతుంది, నన్ను చూసి. అది పనికిరాదు. అందుకని అప్పలరాజుని పక్కకి పిలిచి, ఓడ దగ్గర్నుంచి నురుగు దాకా కథంతా అతని చెవిలో చెప్పాను.

"ఆ నురుగు నాదా?" అన్నాడు.

"నీదే. రెండేళ్ళుగా నీదే."

అప్పలరాజు ఇస్త్రీ ప్యాంటుతో తిన్నగా నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళ లోతుకి వెళ్ళాడు. "ఒరే అప్పడా, బట్టలు!" అని పైడమ్మ అరుస్తూనే ఉంది. వంగి రెండు దోసిళ్ళ నురుగు ఎత్తి మూతికీ గడ్డానికీ పూసుకుని, సముద్రంలోంచి అప్పుడే వస్తున్నవాడిలా ఇటు తిరిగాడు.

"సిన్నీ! నీల్లు అయిపోనాయే! పుక్కిలిద్దామంటే ఓడలో నీల్లు లేవు. అందుకే వొచ్చీసాను!"

పిల్ల ఓడ వైపు చూసింది. మనిషి వైపు చూసింది. నురుగు గడ్డం మీంచి చొక్కా మీదికి కారుతోంది.

"నాన్నా?" అంది.

నా స్టాండు పక్కనుంచి పరుగెత్తింది. నేను నొక్కాను. ఆ ఫొటోలో లక్ష్మి పిన్నీసులు ఊడి జుట్టు మొహమంతా ఉంది. పైడమ్మ నోరు తెరుచుకుని ఉంది. తెల్లచొక్కా బురద. ముప్పై ఏళ్ళలో అంతకంటే మంచి ఫొటో నేను తీయలేదు.

తరవాత సిన్ని నాన్న చంక దిగకుండానే నా వైపు తిరిగింది. తన పక్కన మనిషి పట్టేంత ఖాళీ చూపిస్తూ చెయ్యి చాపి, "ఫొటో మావయ్యా, నువ్వూ రా! నీ సోటు కాత్తన్నాను!" అంది. అప్పలరాజు కూడా పక్కకి జరిగాడు. నేను టైమరు నొక్కి పరుగెత్తాను.

ఒప్పుకోలు

విగ్గు కథ నిజం. రైల్వే సంబంధం నిజం. నురుగు నిజం. ఆ చివరి మూడు నాలుగు వాక్యాలు నేను కల్పించినవి.

నన్నెవరూ పిలవలేదు. సిన్ని నాన్న భుజాల మీదెక్కి ఓడలు లెక్కపెడుతూ వెళ్ళిపోయింది. వెనక పైడమ్మ, లక్ష్మి తడి చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుతూ వెళ్ళారు. వాళ్ళు మరమరాల మిక్చర్ బండి దాటేదాకా చూసి, నేను స్టాండు మడిచాను. ఇసకలో పడిన పిన్నీసులు ఏరితే అయిదే దొరికాయి.

అప్పలరాజుకిచ్చిన మాట కూడా ఉంది. వాళ్ళతో నేనున్న ఫొటో నా దగ్గర ఉండకూడదు. ఉంచుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఎప్పుడూ నన్ను తీసేసినంత జాగ్రత్తగా, ఒక్కొక్కళ్ళనీ తీసేశాను. ముసలమ్మని, లక్ష్మిని, చివరికి పిల్లని. వాళ్ళున్న చోటంతా సముద్రంతో నింపాను. అతుకు ఎక్కడా కనపడదు. మిగిలింది నేనొక్కణ్ణే, నున్నగా గీసిన గడ్డంతో, పక్కకి కాస్త వంగి.

అది నా గదిలో గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళు, "ఏటి బావా, ఆ సెయ్యేటి అలా గాల్లో ఎట్టావు?" అని అడుగుతారు. కుక్కని నిమురుతున్నానని ఒకరికి, అలని ఆపుతున్నానని ఇంకొకరికి చెబుతాను. చెయ్యి కిందనుంచి సముద్రం కనపడుతుంది, అయిదేళ్ళ పిల్ల భుజమంత ఎత్తులో.